పెరుగు తేట ఎంత నీలం? పర్లాకిమిడి ల్యాబ్ డైరీ

డిసెంబరు మొదటి వారం

ఈసారి ఫైనలియర్ పిల్లలకి ఇచ్చిన ప్రాజెక్టు పెరుగు. పాలు తోడుకుని పెరుగయ్యాక యాంటీఆక్సిడెంట్ గుణం పెరుగుతుందా, పెరిగితే అందులో బ్యాక్టీరియా వాటా ఎంత, ఇదీ ప్రశ్న. మా పర్లాకిమిడి ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దులో ఉంది. గ్రూపులో ఇద్దరు పర్లాకిమిడి తెలుగు పిల్లలు, ఒక ఒడియా అమ్మాయి, పాతపట్నం నుంచి రోజూ రాష్ట్రం దాటి వచ్చే కుర్రాడు ఒకడు. ల్యాబులో మాటలు సగం తెలుగు, సగం ఒడియా. తిట్టుకోవాలంటే మాత్రం ఎవరి భాష వాళ్ళదే.

పని మొదలెట్టకముందే పోస్టరు డిజైను తెచ్చేశారు. పైన మెచ్నికాఫ్ అనే పాతకాలం శాస్త్రవేత్త ఫొటో, కింద పెద్ద అక్షరాల్లో "పెరుగు తింటే ముసలితనం రాదు". మెచ్నికాఫ్ నోబెల్ గ్రహీత అన్నది నిజమే. 1908లో వచ్చింది, అయితే అది రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి, పెరుగుకి కాదు. పులిసిన పాలు తాగే బల్గేరియా పల్లె జనం ఎక్కువ కాలం బతుకుతున్నారని, ఆ పాలలోని బ్యాక్టీరియానే కారణం కావచ్చని ఆయన నమ్మాడు, రాశాడు, తనూ రోజూ తాగాడు. ఆ బ్యాక్టీరియాని 1905లోనే జెనీవాలో చదువుకుంటున్న స్టామెన్ గ్రిగరోవ్ అనే బల్గేరియా కుర్రాడు గుర్తించాడు. ఇప్పుడు మనం లాక్టోబాసిల్లస్ బల్గారికస్ అంటున్నది దాన్నే. కథ బాగానే ఉంది గానీ, నమ్మకానికీ కొలతకీ మధ్య చాలా దూరం ఉంది. పోస్టరు సంగతి చివర్లో చూద్దాం, ముందు ట్యూబులు కడగండి అన్నాను.

యాంటీఆక్సిడెంట్ గుణం కొలవడానికి డీపీపీహెచ్ అనే రసాయనం ఆర్డరు పెట్టాం. అది మా ఊరు చేరేసరికి ఎన్నాళ్ళవుతుందో తెలీదు కాబట్టి, ఈలోగా స్టోర్‌రూమ్‌లో ఉన్న పొటాషియం ఫెర్రిసయనైడ్‌తో మొదలెడుతున్నాం. సూత్రం తేలిక. యాంటీఆక్సిడెంట్ అంటే తన ఎలక్ట్రాన్ ఒకటి వదులుకోగల పదార్థం. ఆ ఎలక్ట్రాన్ అందుకుంటే ఫెర్రిసయనైడ్ ఫెర్రోసయనైడ్ అవుతుంది. దానికి ఫెర్రిక్ క్లోరైడ్ కలిపితే ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం. నీలం ఎంత చిక్కగా ఉంటే ఎలక్ట్రాన్లు అంత ధారాళంగా ఇచ్చినట్టు. ఆ చిక్కదనాన్ని కొలిచే పరికరం కొలరీమీటరు.

డిసెంబరు, నెల మధ్య

చలికాలం ఇక్కడ పాలు ఓ పట్టాన తోడుకోవు. మహేంద్రగిరి వైపు నుంచి చలిగాలి వీచిందంటే తెల్లారేసరికి గిన్నెలో పాలు పాలలాగే ఉంటాయి. ఇళ్ళలో అయితే బియ్యం డబ్బాలో పెడతారు, పాత దుప్పటి చుడతారు. ప్రాజెక్టుకి అలా కుదరదు, ప్రతిసారీ ఒకే వేడి కావాలి. ఇన్‌క్యుబేటర్ పక్క డిపార్ట్‌మెంట్ వాళ్ళ చేతుల్లో ఉంది, అడిగితే వచ్చేవారం అంటారు, ఆ వచ్చేవారం ఎప్పటికీ రాదు.

పాతపట్నం కుర్రాడు బజారు నుంచి చేపల థర్మోకోల్ పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. లోపల నలభై వాట్ల బల్బు, బయట ఫ్యాన్ రెగ్యులేటర్, మూతకి బెజ్జం పెట్టి థర్మామీటరు. బల్బు వెలుగు నేరుగా గిన్నెల మీద పడకుండా అట్టముక్క అడ్డం పెట్టాం. సోడా ఉప్పుతో కడిగి ఎండలో పెట్టినా చేపల కంపు పూర్తిగా పోలేదు. "పెరుగులోకి వాసన పట్టేస్తే రీడింగులో తెలుస్తుందా మేడమ్?" అని ఒడియా అమ్మాయి టెన్షన్. కొలరీమీటరుకి ముక్కు లేదమ్మా అన్నాను గానీ, గిన్నెల మీద మూతలు మాత్రం గట్టిగా బిగించాం.

పెట్టె 42 డిగ్రీల దగ్గర నిలిచింది. బల్గారికస్, దాని జోడీ స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, రెండింటికీ ఆ వేడి ఇష్టం. ఇంటి తోడులో ఇవి రెండే ఉండవు. 30 డిగ్రీల దగ్గర హాయిగా పెరిగే లాక్టోకాకస్ రకాలుంటాయి, ఒక్కోసారి ఈస్టు కూడా. అందుకే ఒక గిన్నె పెట్టెలో, ఒకటి బయట గదిలో.

తోడు మా గ్రూపులో ఒకమ్మాయి ఇంటి నుంచి. వాళ్ళింట్లో తోడు తెగిపోవడమన్నది లేదట. ఆ పెరుగు చుక్క స్లైడు మీద పూసి క్రిస్టల్ వయలెట్ అనే రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే పూసల దండల్లా గుండ్రటివి, మధ్యమధ్య పొడుగాటి పుల్లలు. పిల్లలు వంతులవారీగా కన్ను ఆనించి చూశారు. రోజూ అన్నంలో కలుపుకునేది ఇదా అని ఒకడు మొహం చిట్లించాడు. ఆ మధ్యాహ్నం క్యారేజీలో పెరుగన్నం మాత్రం వదల్లేదు.

పాలు ఒకే ఇంటి గేదెవి. ఒకే గిన్నెలో కాచి, చల్లార్చి, మీగడ తీసేసి, తర్వాతే భాగాలు వేస్తున్నాం. ఒకరు పొంగు రానిచ్చి దింపి, ఇంకొకరు బాగా మరగనిస్తే ఈ ప్రాజెక్టు అక్కడే పాడవుతుంది. బాగా వేడెక్కితే పాలలోని బీటా లాక్టోగ్లోబ్యులిన్ అనే ప్రొటీను మడత విప్పుకుని, లోపల దాగిన గంధకపు గుంపులు బయటపడతాయి. మరిగిన పాలకి వచ్చే ఆ ప్రత్యేకమైన వాసన వాటిదే. అవీ ఎలక్ట్రాన్లు ఇవ్వగలవు. బ్యాక్టీరియా ఇంకా పనిలోకి దిగకముందే రీడింగు మారిపోతుంది.

సంక్రాంతి సెలవులకి ముందు

మొదటి వరస ట్యూబులు. పద్ధతి వివరంగా రాసి పెడుతున్నాను, వచ్చే ఏడాది పిల్లలకి పనికొస్తుంది. వడకట్టిన తేట 1 మి.లీ., పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.6 ఉన్న ఫాస్ఫేట్ బఫర్ 2.5 మి.లీ., ఒక శాతం ఫెర్రిసయనైడ్ 2.5 మి.లీ. 50 డిగ్రీల వాటర్ బాత్‌లో 20 నిమిషాలు. తర్వాత పది శాతం ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లం 2.5 మి.లీ. వేసి సెంట్రిఫ్యూజ్ తిప్పాలి. పైన తేరిన ద్రవం 2.5 మి.లీ., అంతే నీళ్ళు, 0.1 శాతం ఫెర్రిక్ క్లోరైడ్ అర మి.లీ. కలిపి 700 నానోమీటర్ల దగ్గర రీడింగు. ఆ ఆమ్లం చేతి మీద పడితే కాలుతుంది, గ్లవ్స్ తప్పనిసరి. ఫెర్రిసయనైడ్ ఉన్న ద్రవాన్ని గాఢ ఆమ్లంతో కలిపి వేడి చేయకూడదు, విషవాయువు వస్తుంది. వాడేసినదంతా విడిగా డబ్బాలోకి.

రెండు చోట్ల చెయ్యి జాగ్రత్త. తేటలో సన్నటి మబ్బులాంటిది మిగిలిపోతే కొలరీమీటరు దాన్ని కూడా రంగు కిందే లెక్కేస్తుంది. గుడ్డలో వడకట్టి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, ఫిల్టర్ కాగితంలో మళ్ళీ వడకట్టినా, ప్రతి శాంపిల్‌కీ రంగు రసాయనం లేకుండా సొంత బ్లాంక్, అంటే పోలిక ట్యూబు, పెట్టుకోవాలి. రెండోది, ప్రష్యన్ బ్లూ ట్యూబులో ఎక్కువసేపు ఉంటే అడుగుకి దిగిపోతుంది. ఫెర్రిక్ క్లోరైడ్ వేసిన దగ్గర్నుంచి అన్నిటికీ ఒకే వ్యవధి ఇవ్వాలి. ఒకడు చుక్క వేస్తుంటే ఇంకొకడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ చూస్తున్నాడు.

జనవరి చివర

అసలు తగువంతా ఇక్కడే. ఒక ట్యూబులో పాలు, ఇంకో ట్యూబులో పెరుగు తేట పెట్టి, ఇది ఎక్కువ నీలం, కాబట్టి బ్యాక్టీరియా గొప్ప అనేయొచ్చా? కుదరదు. పాల పీహెచ్ 6.6, 6.7 ఉంటుంది. అది 4.6 చుట్టుపక్కలకి దిగితే పాలలోని ముఖ్య ప్రొటీను కేసీన్ గడ్డకట్టి విడిపోతుంది, తేటలో మిగిలే సరుకే వేరు. బ్యాక్టీరియా ఇంకేమీ చేయకపోయినా ఒక్క పులుపుతోనే ఇంత మార్పు వస్తుంది. కాబట్టి బ్యాక్టీరియా ప్రమేయం లేకుండా అదే పీహెచ్‌కి దింపిన పాల తేట పక్కన ఉండాలి. పోటీ ఆ రెంటికీ.

"ఎందుకు మేడమ్ ఇంత కష్టం, నిమ్మకాయ పిండేస్తే సరి" అన్నాడు పాతపట్నం కుర్రాడు. నేను జవాబు చెప్పేలోపు, తోడు తెచ్చే అమ్మాయి వాళ్ళ నాన్నమ్మ గుర్తొచ్చి నవ్వింది. ఆవిడ ఇంట్లో ఇదే విని, "నిమ్మకాయ పిండితే పాలిరిగిపోతాయి గానీ పెరుగవుద్దేటి తల్లీ?" అందట. పెద్దావిడ ఆవిడ లెక్కలో కరెక్టే. మా లెక్కలో ఇబ్బంది వేరు: నిమ్మకాయ నిండా విటమిన్ సి. మేము రోజూ పోల్చి చూసుకోవడానికి వాడుతున్న స్టాండర్డే అది. పోటీకి దిగినవాడి జేబులో జడ్జీని పెట్టినట్టు. చూస్తేనే నమ్ముతారని, నీళ్ళలో ఒక్క చుక్క నిమ్మరసం వేసి అదే టెస్టు చేయించాను. ట్యూబు సిరా రంగుకి తిరిగింది. ఆ తర్వాత నిమ్మకాయ మాట ఎవరూ ఎత్తలేదు.

ల్యాబ్ లాక్టిక్ ఆమ్లాన్ని పల్చన చేసి, చల్లటి పాలలో చుక్కచుక్కగా కలుపుతూ పీహెచ్ మీటరు 4.6 చూపించేదాకా వెళ్ళాం. వెచ్చటి పాలలో వేస్తే ఒక్కసారిగా ముద్దలు కడుతుంది. చల్లగా కలిపి, తర్వాత మెల్లగా వేడెక్కనిస్తే బాగా విడుతుంది.

ఫలితం: ఉత్త ఆమ్లంతో విరిచిన తేట కూడా నీలం ఇచ్చింది! పిల్లల మొహాలు పడిపోయాయి. అందులో ఆశ్చర్యం లేదు. పాలలో సహజంగానే కొంచెం యూరేట్ ఉంటుంది, కొంచెం విటమిన్ సి ఉంటుంది, ఇందాక చెప్పిన గంధకపు ప్రొటీను ఉంటుంది. పెరుగు తేట దానికన్నా చిక్కటి నీలం. కంటికి తెలిసేంత తేడా ఉంది. కానీ పాలతో పోల్చినప్పుడు కనబడ్డ తేడాలో పెద్ద ముక్క పులుపు ఖాతాలోకి పోయింది. మిగిలిందే బ్యాక్టీరియాది. నా మటుకు ఈ మిగిలిన చిన్న ముక్కే ప్రాజెక్టు.

అది ఎక్కడి నుంచి వచ్చిందంటే, బల్గారికస్ గోడ మీద కేసీన్‌ని కత్తిరించే ఎంజైము ఉంటుంది. పొడుగాటి ప్రొటీను తెగి చిన్న పెప్టైడ్లవుతుంది. టైరోసిన్, ట్రిప్టోఫాన్, హిస్టిడిన్ లాంటి అమైనో ఆమ్లాలు పెద్ద ప్రొటీనులో ముడుచుకుని ఉన్నప్పటి కన్నా, చిన్న ముక్కల్లో బయటపడ్డప్పుడు ఎలక్ట్రాన్లూ హైడ్రోజనూ సులువుగా ఇస్తాయి. కొన్ని పెప్టైడ్లు ఇనుము, రాగి అయాన్లని పట్టి కూర్చుంటాయి కూడా. ఆ ముక్కల్లో కొన్ని థర్మోఫిలస్‌కి తిండి. బదులుగా అది బల్గారికస్‌కి ఫార్మిక్ ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ అందిస్తుంది. ఇచ్చిపుచ్చుకునే కాపురం. పెరుగు పేరుకున్న వెంటనే తీసిన తేట కన్నా, రాత్రంతా ఉంచి తీసిన తేట నీలం ఎక్కువ రావడానికి ఈ కత్తిరింపులు ఆగకుండా సాగడమే కారణమై ఉండాలి.

ఫిబ్రవరి మొదట్లో

కుండ పెరుగు గొడవ. నాన్నమ్మగారి పందెం: కుండలో తోడేసిందానికి స్టీలు గిన్నెది సాటి రాదు. పెట్టి చూశాం. మి.లీ.కి మి.లీ. పోలిస్తే కుండదే పైచేయి. అప్పుడు కుండని తూకం వేయించాను. మట్టి గోడల గుండా నీరు ఊరి ఆవిరైపోతుంది, బరువు తగ్గింది. అంటే తేట చిక్కబడింది, దానితో పాటు రంగూ చిక్కబడింది. రెండు తేటల్నీ 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారనంత వరకు ఎండబెట్టి, మిగిలిన పొడి గ్రాముకి లెక్క కట్టాం. తేడా దాదాపు మాయం. ఆవిడకి ఈ సంగతి చెప్పే ధైర్యం మనవరాలికి లేదు. రుచిలో కుండదే గెలుపు, దానికి కొలరీమీటరు అక్కర్లేదు.

ప్రోబయోటిక్ అని రాసున్న సీసా డ్రింకు కూడా ఒకటి కొని తెచ్చారు. అందులో చక్కెర, ఫ్లేవర్ ఉన్నాయి. వాటికి సరైన బ్లాంక్ మన దగ్గర లేదు కాబట్టి లిస్టులోంచి తీసేశాను.

శివరాత్రి దాటాక

డీపీపీహెచ్ వచ్చింది. 4 మిల్లీగ్రాములు తూచి 100 మి.లీ. మెథనాల్‌లో వేస్తే నేరేడుపండు రంగు. 1958లో బ్లోయిస్ అనే ఆయన ఈ పద్ధతిని ప్రచురించినప్పటి నుంచి ప్రపంచమంతా వాడుతోంది, మా వంతు ఇప్పుడొచ్చింది. ఇది స్వయంగా ఒక ఫ్రీ రాడికల్. జత లేని ఎలక్ట్రాన్‌తో నిలకడగా ఉండగలిగిన అరుదైన రకం. హైడ్రోజను దొరికిందా, ఊదా పోయి పసుపు మిగులుతుంది. కొలత 517 నానోమీటర్ల దగ్గర. మా కొలరీమీటరులో 520 ఫిల్టరే ఉంది, సరిపోతుంది. మెథనాల్ విషం, ఆవిరి కూడా మంచిది కాదు, కిటికీలన్నీ బార్లా తెరిచి పని.

లెక్క ఇలా. తేట కలపని ద్రావణం రీడింగు 0.80 అనుకోండి, కలిపాక 0.60 అనుకోండి. తగ్గింది 0.20, అంటే పాతిక శాతం రాడికల్స్ ఆరిపోయాయి. విటమిన్ సి చుక్క పడగానే రంగు ఠక్కున ఎగిరిపోతుంది. పెరుగు తేట అలా కాదు, నిదానంగా లాగుతుంది. అందుకని ట్యూబులకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి, చీకట్లో అరగంట ఉంచి చూస్తున్నాం. మెథనాల్ తగిలితే తేటలో మిగిలిన ప్రొటీను తెల్లగా విరుగుతుంది, రీడింగుకి ముందు మళ్ళీ సెంట్రిఫ్యూజ్. మధ్యలో కరెంటు పోయి ఒక వరస మొత్తం పారబోశాం.

ఇక్కడా అదే వరస: పాల తేట, దాని పైన పెరుగు తేట, రాత్రంతా ఉంచినది ఇంకాస్త పైన. రెండు వేర్వేరు పద్ధతులు ఒకే మాట చెప్పడం నాకు ఊరట.

తర్వాత రోజు

తేటని 85 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ఉంచి చల్లార్చి మళ్ళీ చూశాం. రీడింగు పెద్దగా తగ్గలేదు. అంటే ట్యూబులో కనబడుతున్న గుణం బతికున్న బ్యాక్టీరియాది కాదు, అవి కత్తిరించి వదిలిన ముక్కలది. "అయితే మజ్జిగ పులుసులో కూడా ఉంటుందా మేడమ్?" అని ఒకడు. ఈ గుణం వరకు ఉండొచ్చు. ప్రోబయోటిక్ అని మాత్రం అనలేం. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి ఇచ్చిన నిర్వచనం ప్రకారం అవి బతికి ఉండాలి, చాలినంత సంఖ్యలో అందాలి, మేలు చేయాలి. మేలు ఏ రకానికి ఆ రకం విడిగా రుజువు కావాలి. ఆ లెక్కన మన ఇంటి పెరుగుని కూడా ఆ పేరుతో పిలవడం కష్టమే, అందులో ఏ రకాలున్నాయో ఎవరూ పరీక్షించలేదు. బతికున్న పెరుగు బ్యాక్టీరియా లాక్టోజ్ అరుగుదలకి సాయపడతాయన్నది మాత్రం గట్టిగా రుజువైంది, 2010లో యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా ఒప్పుకుంది.

ఇంకో సరదా పరీక్ష. పెరుగు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తే బుడగల్లేవు. కోసిన బంగాళదుంప మీద వేస్తే బుసబుసా నురగ. పెరాక్సైడుని విరగ్గొట్టే కాటలేజ్ ఎంజైము మామూలుగా లాక్టిక్ బ్యాక్టీరియాలో ఉండదు. మరి ఆక్సిజన్ తాకిడికి ఎలా తట్టుకుంటాయి? లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే రకం అయితే లోపల మాంగనీసు పోగేసుకుని, దాంతోనే సూపర్ఆక్సైడ్‌ని (ఆక్సిజన్ నుంచి పుట్టే హానికర రాడికల్‌ని) అణుస్తుందని ఆర్చిబాల్డ్, ఫ్రిడోవిచ్ 1981లో చూపించారు. థర్మోఫిలస్‌కి సొంత ఎంజైమే ఉంది. తేటతో చేసే మా పరీక్షకి ఇదంతా అందదు, కణాలు పగలగొట్టి చూడాలి. ఆ సామగ్రి మా దగ్గర లేదు.

మార్చి, పోస్టరు వారం

మళ్ళీ మెచ్నికాఫ్ వచ్చాడు. ఫొటో ఉంచనిచ్చాను, కింద వాక్యం కొట్టేశాను. ట్యూబులో రంగు మారిందంటే ఒంట్లో అదే జరుగుతుందని కాదు. పెప్టైడు పొట్టలో ఆమ్లాన్నీ ఎంజైముల్నీ దాటాలి, పేగు గోడ దాటాలి, రక్తంలో నిలవాలి. ఇలాంటి ట్యూబు అంకెలు చూపించి సరుకు అమ్ముకుంటున్నారనే, అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన ఆహార యాంటీఆక్సిడెంట్ అంకెల పట్టికనే తీసేసింది. మనుషుల మీద చూసినవి లేకపోలేదు. ఎస్తోనియాలో తార్తూ శాస్త్రవేత్తలు ఎంఇ-3 అనే ప్రత్యేక రకం బ్యాక్టీరియాతో పులియబెట్టిన మేకపాలు ఆరోగ్యవంతులకి ఇచ్చి, రక్తంలో ఆక్సీకరణ గుర్తులు తగ్గాయని 2003లో ప్రచురించారు. అది చిన్న అధ్యయనం, పైగా ఆ ఒక్క రకం గురించి. మన గేదె పెరుగుకి దాన్ని తగిలించకూడదు.

పిల్లలు కాసేపు అలిగారు. చివరికి పోస్టరు మీదకి వెళ్ళిన వాక్యం: "ఒకే పులుపుకి తెచ్చిన పాల తేట కన్నా పెరుగు తేట ఎక్కువ ఎలక్ట్రాన్లు ఇచ్చింది." ఇది చూసి ఎవరాగుతారు మేడమ్ అన్నాడు పాతపట్నం కుర్రాడు. ట్యూబులు పక్కపక్కనే పెట్టు, ఆగుతారు అన్నాను. నిమ్మరసం ట్యూబు కూడా పెట్టమన్నాను, అడిగినవాళ్ళకి ఆ కథ వాడే చెప్తాడు.

మార్చి 20

ఒడిశా అంతా పఖాళ దివసం. ఒడియా అమ్మాయి ఇంటి నుంచి పెద్ద క్యారేజీలో పెరుగు పఖాళ, వేయించిన వడియాలు, వడియాలు నలిపి చేసే బడి చూర తెచ్చింది. తెలుగు పిల్లలకి ఇది చద్దన్నమే, ఏ పేరుతో పెట్టినా తినేశారు. తిన్నాక అనుకున్నట్టే అడిగారు: పైన తేరిన పుల్లటి నీళ్ళు, మన తరవాణి, దానికీ ఇదే టెస్టు చేయొచ్చా అని. చేయొచ్చు. కానీ అందులో కేసీన్ లేదు, బియ్యంలోంచి దిగిన, ఎలక్ట్రాన్లు ఇవ్వగల ఫినాలిక్ పదార్థాలుంటాయి, బ్లాంక్ వేరేగా కట్టాలి: అదే బియ్యం, అదే నీళ్ళు, పులియనివ్వకుండా లాక్టిక్ ఆమ్లంతో అదే పీహెచ్. మిగిలిన డీపీపీహెచ్ పొడి ఫాయిల్ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాం. పరీక్షలయ్యాక దంపుడు బియ్యం, మిల్లు బియ్యం రెండూ తెస్తామన్నారు.